తృణకర్తనికి గుండె మార్పిడి

నీలమ్మపేట పెద్దాసుపత్రిలో గడ్డి కోసే మిషను ఇంజను చచ్చిపోయిన వారంలోనే అక్కడ ఇంగ్లీషు కూడా చచ్చిపోయింది. ఇంజను తనంతట తాను చచ్చింది. ఇంగ్లీషును మాత్రం సూపరింటెండెంటు గారు ఉత్తర్వు వేసి మరీ చంపారు.

పైనుంచి ఎవరో పెద్దాయన వచ్చి, తెలుగు గడ్డ మీద తెలుగులో వైద్యం జరగకపోవడమేమిటని వేదికెక్కి కంట తడి పెట్టి, భోంచేసి వెళ్ళాడు. అంతే, సూపరింటెండెంటు డాక్టర్ కూర్మనాథరావుకి పూనకం వచ్చేసింది. ఇకమీదట ఏ ఫైలులోనైనా ఒక్క ఇంగ్లీషు ముక్క కనబడితే ఆ ఫైలు కదలదని ఆజ్ఞ జారీ చేశాడు. అందులో 'ఫైలు' అన్న ముక్క ఉందని ఎవరో చెవిలో వేస్తే, ఆ ఆజ్ఞను మళ్ళీ అచ్చు వేయించాడు. కొత్త మాటలు పుట్టించడానికి రిటైరైన తెలుగు పండితుడు విరూపాక్షం గారిని పట్టుకొచ్చి, భాషా సమన్వయాధికారి అని పేరు పెట్టి ఎక్స్‌రే గదిలో కూర్చోబెట్టారు. ఎక్స్‌రే మిషను చెడిపోయి చాలా కాలమైంది కనుక ఆ గది ఎలాగూ ఖాళీగానే ఉంది.

తవిటయ్య ఆ ఆసుపత్రి తోటమాలి. ఇంగ్లీషు చచ్చినా బతికినా అతనికి ఒకటే. అతని దిగులంతా భార్య సూరమ్మ మోకాలు. కుడి మోకాలు అరిగిపోయింది, కొత్తది వెయ్యాల్సిందేనని ఇదే ఆసుపత్రి ఎముకల డాక్టరు చీటీ రాసిచ్చి బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఆ చీటీ పైకెళ్ళింది, కిందికొచ్చింది, మళ్ళీ పైకెళ్ళింది. సూరమ్మ మాత్రం మంచం మీంచి గుమ్మం దాకా రావడానికి గోడ పట్టుకుని, దేవుళ్ళనీ డాక్టర్లనీ కలిపి తిట్టుకుంటూ నడుస్తోంది. మిషను వెనకాల నడుస్తూ, దాన్ని తోసుకుంటూ ఆవరణలో పచ్చిక కోయడం తవిటయ్య ఉద్యోగం. అది ఉన్నంతకాలం పెద్ద డాక్టర్ల కంటబడుతూ ఉండొచ్చు, కంటబడినప్పుడల్లా మోకాలి సంగతి అడగొచ్చు. అతని ఆశ అంతా అదే.

ఇప్పుడు ఆ మిషనే మొరాయించింది. బజారులోంచి మెకానిక్కు ఖాదరు వచ్చి, తాడు నాలుగుసార్లు లాగి చూసి పెదవి విరిచాడు.

"పట్టేసింది తవిటయ్యా. ఇంక లేవదు. కొత్త ఇంజను తెచ్చి బిగించుకోవడమే. కింద బ్లేడు విప్పి, బోల్టులు తీసి, దీని జాగాలో దాన్ని పెట్టడమే గదా. ఒక పూట పని."

ఒక పూట పని అన్నాడు పాపం. బజారు మనిషి, ఆఫీసు సంగతి అతనికేం తెలుసు!

సీనియర్ అసిస్టెంటు రత్నప్రభ 'ఇంజను మార్చవలెను' అని కాగితం రాసి పంపింది. మధ్యాహ్నానికల్లా అది ఒళ్ళంతా ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. తవిటయ్యను వెంటబెట్టుకుని ఆవిడ ఎక్స్‌రే గదికి వెళ్ళింది.

"ఇంజను! ఏమి మాటయ్యా ఇది?" అన్నారు విరూపాక్షం గారు, నోట్లో రాయి పడ్డట్టు మొహం పెట్టి. "అది చేయు పని యేమి?"

"అది ఆడితే మిసను ఆడతాది పంతులుగోరూ. అది ఆగిపోతే మిసను సచ్చిపోనట్టే."

"అనగా హృదయము!" ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఆ యంత్రము గడ్డిని కోయును. గడ్డి తృణము. కోయునది కర్తని. తృణకర్తని! ఎంత సొగసుగా నున్నది. సరే, నీవు దానికి ముందు నడుతువా, వెనుక నడుతువా?"

"ఎనకాలేనండి. ముందు నడిస్తే కాళ్ళు తెగిపోవా?"

"వెనుక నడుచుట అనుగమనము. కాబట్టి అనుగమన తృణకర్తని. ఇక, మార్చుట అనకూడదు. సంతలో చిల్లర మార్చినట్లుండును. మార్పిడి అనవలెను."

కాగితం మళ్ళీ రాశారు: 'అనుగమన తృణకర్తనికి హృదయ మార్పిడి చేయించ ప్రార్థన.' చదివి వినిపిస్తే తవిటయ్యకి ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంత గొప్ప మిషన్నా తాను ఇన్నాళ్ళూ గోనెపట్టాతో తుడిచిందీ అనుకున్నాడు.

తపాలా విడదీసే గుమాస్తా 'హృదయ మార్పిడి' అన్న మాట దాకా చదివి, తక్కినది చదవకుండా అవయవ మార్పిడి విభాగానికి పంపేశాడు. ఆ విభాగం కథ వేరే ఉంది. బాజాభజంత్రీలతో రిబ్బను కత్తిరించి, పాలరాతి పలక మీద పేర్లు చెక్కించి తెరిచారు. అందులో మంచాలున్నాయి, ఏసీలున్నాయి, అద్దాల తలుపులున్నాయి. డాక్టరు లేడు. నెల నెలా పైకి వెళ్ళే నివేదికలో 'జరిగిన మార్పిడులు' అన్న చోట కూర్మనాథరావు సున్న పెట్టి పంపుతూ, ఆ సున్నను చూసి రాత్రిళ్ళు నిద్ర పట్టక దొర్లుతున్నాడు.

అలాంటివాడి బల్ల మీదికి ఈ కాగితం వచ్చి పడింది. తవిటయ్యకి కబురెళ్ళింది.

"ఈ కర్తని ఎవరు? మీ అమ్మాయా?"

"మిసనండి బాబూ. గడ్డి కోసీది."

బుద్ధున్నవాడు ఎవడైనా ఇక్కడ ఒక నవ్వు నవ్వి కాగితం వెనక్కి పంపేవాడు. కూర్మనాథరావు నవ్వలేదు. కుర్చీలో ముందుకు వంగి రత్నప్రభని అడిగాడు.

"పైవాళ్ళ నివేదికలో మనిషి అని ఉందా?"

"రోగి అని ఉంది సార్."

"పనిచేయవలసినది పనిచేయకపోతే రోగమా కాదా?"

"రోగమే సార్" అంది రత్నప్రభ. ఆవిడకి ఇంట్లో బోలెడు సంసారం ఉంది.

"అయితే రోగే. వయసెంత?"

"కొని పదకొండేళ్ళయింది సార్."

"మైనరు! సంరక్షకుడి సమ్మతి కావాలి. ఏమయ్యా, నువ్వు పెట్టు సంతకం. ఆడా, మగా?"

విరూపాక్షం గారిని పిలిపించి అడిగితే, కర్తని నిస్సందేహంగా స్త్రీ అని తేల్చారు.

ఆ సాయంత్రమే మిషన్ను స్ట్రెచరు మీద తీసుకొచ్చి, మార్పిడి విభాగంలో కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టి తెల్ల దుప్పటి కప్పారు. నర్సు దాని హ్యాండిలుకు పట్టా చుట్టి రక్తపోటు చూసింది. కేసు కాగితంలో కాళ్ళు అన్న చోట వేరే వార్డుల నుంచి పిలిపించిన నలుగురు డాక్టర్లలో ఒకరు 'చక్రాలు నాలుగూ సక్రమం' అని రాస్తే, మిగతా ముగ్గురూ ఔనని సంతకాలు చేశారు. వృత్తి అన్న చోట 'గడ్డి కోత' అని రాశారు. సంరక్షకుడి హోదాలో తవిటయ్యకి రొట్టె, పాలు వచ్చాయి. సూరమ్మ మోకాలి కోసం ఇన్నాళ్ళుగా తిరుగుతుంటే కూర్చోమన్నవాడు లేడు. అతను ఆ పాలు తాగలేక గ్లాసు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

మర్నాడు కాస్త ధైర్యం చేసి అడిగాడు. "డాట్రుబాబూ, కొత్త ఇంజను బజారులో దొరుకుతాదంట. ఖాదరు తెచ్చీత్తానన్నాడు."

కూర్మనాథరావు ఉలిక్కిపడ్డాడు. "బజారులో కొంటావా? గుండెని? అవయవాలు కొనడం నేరమయ్యా! నిన్నూ నన్నూ కలిపి లోపలేస్తారు. మార్పిడి అన్నాక దాత ఉండాలి. దాత బతికుండకూడదు. గుండె మాత్రం కొట్టుకుంటూ ఉండాలి. అలాంటి దాని కోసం వెతకమని నాలుగు వైపులా మనుషుల్ని పంపాను."

నిజంగానే పంపాడు. జ్వరాల వార్డులో పనిచేసే ఇద్దరు కాంపౌండర్లు ఆ పని మీదే ఊళ్ళు తిరిగారు. చివరికి పక్క పట్నంలో ఒక క్లబ్బు తోట మూల హ్యాండిలు విరిగి, బ్లేడు ఊడి పడి ఉన్న మిషను దొరికింది. తాడు లాగితే ఇంజను మాత్రం పలుకుతోంది. నలుగురు వైద్యుల బృందం వెళ్ళి దాన్ని పరీక్షించింది. పేరు పెట్టి పిలిచారు, పలకలేదు. టార్చి వేసి చూశారు, చలించలేదు. గిల్లారు, మూలగలేదు. మెదడు పూర్తిగా పనిచేయడం లేదని నలుగురూ ఏకగ్రీవంగా తేల్చారు. క్లబ్బు వాచ్‌మన్‌ని దగ్గర బంధువు కింద నిలబెట్టి, మీ త్యాగం వృథా పోదని భుజం తట్టి, శాలువా కప్పారు. వాడు శాలువా దొరికిందన్న సంతోషంలో నవ్వబోతే, ఫొటోగ్రాఫరు ఏడవమని కసిరాడు.

ఇక గుండె ప్రయాణం. ఐసు పెట్టెలో పెట్టిన ఇంజను, దాని ముందు పోలీసు జీపు, దారి పొడుగునా ట్రాఫిక్కు ఆపి హరిత మార్గం. తవిటయ్యను అంబులెన్సు ముందు సీట్లో కూర్చోబెట్టారు. గంట స్తంభం కూడలి దగ్గర ఒక ఆటోలో నొప్పులు పడుతున్న మనిషి కేకలు అతనికి అద్దంలోంచి వినిపించాయి. ఆటోవాడు కానిస్టేబులు కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తున్నాడు.

"అవతల గుండె వస్తోంటే నీ గోలేంట్రా! ఆగు!" అంటున్నాడు కానిస్టేబులు.

ఆ బిడ్డ ఆటోలోనే పుట్టింది. ఆసుపత్రి ప్రసవాల లెక్కలో ఒకటి తగ్గిపోయిందని సాయంత్రం కూర్మనాథరావు తెగ విసుక్కున్నాడు.

తవిటయ్యకి సిగ్గేసింది. తల దించుకుని ఇంటికెళ్ళి సూరమ్మకి అంతా చెప్పాడు. ఆవిడ నోరు నొక్కుకుంది.

"ఓలమ్మో! మిసనుకా ఈ బోగం? మరి నా కాలికేటొచ్చిందయ్యా? నా కాయితంలో ఏటి రాసీసినారో, ఏ పాపిట్టి మాట పడిపోనాదో!"

ఆ మాట తవిటయ్య బుర్రలో నాటుకుపోయింది. నిజమే. ఒక్క మాట బాగా పడితే ఇనప ముక్కకి ఏసీ గది వచ్చింది. సూరమ్మ చీటీలో ఎముకల డాక్టరు రాసినదంతా ఇంగ్లీషు. అది కదలమంటే ఎలా కదులుతుంది? తెల్లారగానే ఎక్స్‌రే గదికి పరిగెత్తాడు.

"పంతులుగోరూ, తమరికి దణ్ణం పెడతాను. మా ఆడదాని మోకాలికి కూడా అలాటి మాటొకటి రాసి ఇవ్వండి."

"మోకాలన్నచో రెండెముకలు కలియు తావు కదా?"

"అక్కడేనండి. అక్కడే అరిగిపోనాది."

"రెండు కలియుట సంధి!" అని విరూపాక్షం గారు తొడ చరిచారు. "మోకాలి సంధి మార్పిడి. దివ్యము. తీసుకొని పొమ్ము."

తపాలా గుమాస్తా ఆ కాగితం చూసి తల గోక్కున్నాడు. మార్పిడి సరే, ముందర సంధి ఉంది. సంధులు చూసేది ఎవరు? ఈ ఆసుపత్రి మొత్తానికి ఒక్కరే ఉన్నారు. కాగితాన్ని 'అభిప్రాయము కొరకు' అని రాసి, భద్రంగా విరూపాక్షం గారికే పంపేశాడు.

ఆపరేషన్ రోజున ఖాదరుకి స్నానం చేయించి, ఆకుపచ్చ గౌను తొడిగి, మూతికి గుడ్డ కట్టారు. నలుగురు సర్జన్లు చుట్టూ నిలబడి పర్యవేక్షించారు. అతను బ్లేడు విప్పాడు, బోల్టులు తీశాడు, పాత ఇంజను దించి కొత్తది ఎక్కించాడు. వైరు తగిలించి, నూనె పోసి, తాడు చేత్తో పట్టుకున్నాడు.

"లాగమంటారా సార్?"

"హృదయాన్ని ప్రేరేపించు" అన్నాడు కూర్మనాథరావు గంభీరంగా.

లాగాడు. నాలుగు గోడల మధ్య అది పెట్టిన గావుకేకకి మత్తు డాక్టరు గోడకి కరుచుకుపోయాడు. గదంతా నల్లటి పొగ. ఆ పొగలోంచే చప్పట్లు వినబడ్డాయి. సాయంత్రం విలేకరుల ముందు ప్రకటన చదివారు: 'అనుగమన తృణకర్తని అను బాలికకు హృదయ మార్పిడి విజయవంతమైనది. రోగి కోలుకుంటున్నది.' నివేదికలో సున్న పోయి ఒకటి పడింది. కూర్మనాథరావు చాలా రోజుల తర్వాత హాయిగా గుర్రు పెట్టి నిద్రపోయాడు.

తవిటయ్య కూడా సంబరపడ్డాడు. మిషను బాగుపడింది, ఇక గడ్డి కోసుకోవచ్చు. తీసుకెళ్ళడానికి వెళితే నర్సు అడ్డంపడింది. లోపల్నుంచి సూపరింటెండెంటే వచ్చాడు.

"మార్పిడి రోగి దుమ్ము, మట్టి, గడ్డి దగ్గరికి పోకూడదు. ఆరు నెలలు బరువు పని చేయకూడదు. తెలియదా?"

"గడ్డి కాడికి పోకపోతే దాన్నేటికి బతికించినట్టు బాబూ?"

"ప్రాణం కాపాడటం మన ధర్మమయ్యా. వాడుకోవడం కాదు."

ఈ లోగా వానలు పడి ఆవరణలో గడ్డి నడుము దాకా లేచింది. ఓపీ చీటీల వరసలో ఒక పాము కూడా నిలబడిందని చెప్పుకున్నారు. అంతలో కబురొచ్చింది: జిల్లాలో మొట్టమొదటి మార్పిడి రోగిని చూడటానికి రాజధాని నుంచి పరిశీలన బృందం వస్తోంది. కూర్మనాథరావు కిటికీలోంచి గడ్డి చూసి తవిటయ్య మీద విరుచుకుపడ్డాడు.

"కొడవలి లేదా నీకు? చేతుల్లేవా? ఒక్కడివీ కాకపోతే ఇంట్లోవాళ్ళని తెచ్చుకో. చూడు, మీ ఆవిడ మోకాలి కాగితం నా బల్ల మీదికి రాబోతోంది. ముందు గడ్డి అవనీ, తర్వాత అది చూస్తాను."

ఆ ఒక్క మాట కోసం సూరమ్మ వచ్చింది. గొంతుక్కూర్చోలేదు కనుక గోనె సంచి పరుచుకుని, కుడి కాలు చాపుకుని, పిర్రల మీద జరుగుతూ గడ్డి కోసింది. జరిగినప్పుడల్లా పళ్ళు బిగపట్టేది. తవిటయ్య వద్దంటే ఒప్పుకోలేదు. "కోసీనీవయ్యా. కోసీస్తే సేస్తానన్నాడు గదా" అంది. అద్దాల కిటికీ అవతల మిషను ఏసీలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. మధ్యాహ్నానికి ఆవరణ నున్నగా అయింది, మోకాలు కుండలా వాచింది.

తవిటయ్య చెమట తుడుచుకుని ఆఫీసుకి వెళ్ళాడు. రత్నప్రభ తలెత్తకుండా కాగితం చదివింది. విరూపాక్షం గారి అభిప్రాయం: 'ఈ సంధి నిత్యము కాదు, వైకల్పికము. మార్చినను మార్చకున్నను దోషము లేదు.' దాని కింద సూపరింటెండెంటు గారి చేవ్రాలు: 'దోషము లేదు కనుక అవసరము లేదు. ముగించడమైనది.'

"అంటే ఏటండమ్మగోరూ?"

"చెయ్యరట తవిటయ్యా" అంది రత్నప్రభ.

తవిటయ్యకి కోపం రావడం ఆ ఆసుపత్రిలో ఎవరూ చూడలేదు. ఆ రోజు చూశారు. ఆవరణలోంచి సూరమ్మని ఎత్తుకుని తిన్నగా మార్పిడి విభాగంలోకి వెళ్ళాడు. మంచం మీది మిషన్ని కిందికి లాగి మంచం కిందికి తోశాడు. ఆ మెత్తటి పరుపు మీద భార్యను పడుకోబెట్టి దుప్పటి కప్పాడు. "ఒక్క డాట్రైనా సూడాల నీ కాలు. సూసీదాకా కదలకు" అన్నాడు. నర్సు చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగి నిలబడింది.

అప్పుడే పరిశీలన బృందం లోపలికి వచ్చింది. మంచం మీద సూరమ్మని చూసి కూర్మనాథరావు గుమ్మంలోనే ఆగిపోయాడు. మరుక్షణం మొహం వెలిగిపోయింది. అయాచితంగా మనిషి దొరికింది! ఇంకేం కావాలి?

బృందం నాయకుడు కళ్ళజోడు సవరించుకుని కేసు కాగితం అందుకున్నాడు.

"అనుగమన తృణకర్తని. పేరు కొత్తగా ఉందే! వయసు పదకొండా?"

"అచ్చుతప్పండి" అన్నాడు కూర్మనాథరావు.

"గుండె ఎలా ఉందమ్మా?"

"నా గుండెకేటి బాబూ, రాయిలాగుంది. నా మోకాలు సూడండి. అరిగిపోనాది. అడుగు తీసి అడుగెయ్యలేను."

ఆయన మోకాలి వైపు చూడలేదు. కాగితాలు తిరగేశాడు. "మోకాలి ప్రస్తావన లేదే. కాళ్ళ దగ్గర 'చక్రాలు నాలుగూ సక్రమం' అని స్పష్టంగా రాసి ఉంది. నలుగురు వైద్యులు సంతకం చేశారు. నాలుగూ సక్రమంగా ఉంటే నొప్పి ఎలా వస్తుందమ్మా?"

"బాబూ, ఇది మిసను కాదు, నా ఆడది!" అని తవిటయ్య అరిచాడు. మంచం కిందికి వంగి మిషన్ని బయటికి లాగాడు. "ఇదిగో, ఇది మిసను. కర్తనో ఏటో, ఇదే. ఆ కాయితం దీనిది!"

బృందం నాయకుడు మిషన్ని చూశాడు, సూరమ్మని చూశాడు, చివరికి కాగితాన్ని చూశాడు. మనిషీ యంత్రమూ కళ్ళెదుట ఉన్నా, ఆయన కళ్ళు కాగితం దగ్గరే ఆగాయి.

"రోగి మంచం కింద ఈ ఇనప సామానేమిటండీ? శుభ్రతలో మార్కులు పోతాయి."

"ఇప్పుడే పారేయిస్తాను సార్" అన్నాడు కూర్మనాథరావు. ఇద్దరు మనుషులు వచ్చి మిషన్ని తుక్కు గదికి ఈడ్చుకుపోయారు, కొత్త గుండెతో సహా.

"బ్రహ్మాండం" అన్నాడు బృందం నాయకుడు. "గుండె బాగుంది, చక్రాలు బాగున్నాయి. వృత్తి గడ్డి కోత అని ఉంది. రేపట్నుంచి తిరిగి పనిలోకి వెళ్ళవచ్చు. ఏదమ్మా, లేచి నాలుగడుగులు నడు, ఫొటో తీసుకుంటాం."

సూరమ్మ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. అందరినీ ఒకసారి కలయజూసింది.

"నాను మిసన్నే గదా బాబూ? ఎనకాల ఒకలు నడిసి తోస్తేనే కదిలే మిసన్ని గదా? సరే. రండి. మీలో నన్ను తోసీవోలు ఎవులో రండి. ఇంతమంది సదువుకున్నోలున్నారు, ఒక్కలైనా రారేం?"

ఒక్కళ్ళూ రాలేదు. భోజనాలు చల్లారిపోతున్నాయని ఎవరో గుర్తు చేశారు. అందరూ వెళ్ళిపోయారు.

తవిటయ్య మంచం పక్కన వంగాడు. సూరమ్మ మెడ చుట్టూ చేతులు వేస్తే వీపున ఎక్కించుకుని బయలుదేరాడు. గేటు దగ్గర గుమాస్తా, వెళ్ళే రోగుల కాగితం పట్టుకుని ఆపాడు. మార్పిడి రోగి వెళుతుంటే ఎలా వెళ్ళిందో రాయాలట. రాసేదేముంది, 'స్వయంగా నడిచి వెళ్ళినది' అని ముందే అచ్చు వేసి ఉంది. సంతకం పెట్టమన్నాడు.

మొగుడి వీపు మీంచే సూరమ్మ కాగితం, కలం కోసం చెయ్యి చాపింది. ఆ అచ్చు మాటల మీద గట్టిగా ఒక గీత గీసి వాడి మొహాన కొట్టింది.

"నడుస్తన్నాది మా ఆయన. నాను కాదు. మీ ఆసుపత్రి ఏనాడో పడకేసింది, అది రాసుకో" అంది.